తొండం ఊడిన తర్వాత

హలో… ఆ, నేనే, టైలర్ ఆంటీని.

… టైలర్ ఆంటీనయ్యా! బడి సందు మొదట్లో, మెట్లెక్కగానే ఎదురుగా షాపు. మీ నాటకంలో జంతువులన్నిటికీ బట్టలు కుట్టానే. నీకు నక్క వేషం… ఆ, గుర్తొచ్చానా. అమ్మయ్య.

ఇది మీ అమ్మగారి నంబరేమో అనుకున్నా. నీదేనా? … కొలతల పుస్తకంలో నువ్వే రాశావు మరి, ఆ కోడిగీతలు నీవే. … వద్దొద్దు, అమ్మగారికివ్వకు. పని నీతోనే. చిన్న పనేలే.

బళ్ళోంచి వచ్చి ఏమన్నా తిన్నావా? … తిను. తిన్నాక మాట్లాడొచ్చు అంటే… వద్దా? సరే, ముందు మాట్లాడేసుకుందాం.

అదే, నక్క చొక్కా గురించి. ఎలుగుబంటి తిరిగిచ్చేసింది. కుందేళ్ళు రెండూ ఇచ్చేశాయి. తాబేలు డిప్ప కూడా వచ్చింది, కాస్త సొట్ట పడి. నక్క ఒక్కటే రాలేదు. … ఉతికించి ఇస్తావా? ఏం అక్కర్లేదు. ఉతకొద్దు అసలు. ఎక్కడుందది? … మంచం కిందా! తియ్యి తియ్యి. … దులుపు. … చిరంజీవ! … ఇంకోటి వస్తోందా? … చిరంజీవ, చిరంజీవ.

ఇప్పుడు ఎడమ చెయ్యి చూడు. నీది కాదు, చొక్కాది. మణికట్టు దగ్గర మడిచి కుట్టాను కదా, ఆ కుట్టు చూడు. ఏ రంగు దారం? … సరిగ్గా చూడు. కిటికీ దగ్గరికెళ్ళు. … ఆ. నీలం. మిగతా చొక్కా అంతా? … నారింజ. మంచి కళ్ళు నీవి.

ఎందుకలా అంటే, నారింజ దారం అయిపోయింది నాన్నా. పదకొండు జంతువులు, రెండు రోజులు, ఒక్క మిషను. దారం కొట్టుకి పరిగెత్తే తీరికెక్కడిది? ఎవరు చూడొచ్చారులే అని, మిషన్లో ఉన్న నీలం దారంతోనే కానిచ్చేశా. అంచేత, ఎడమ చేతికి నీలం కుట్టున్న నక్క భూప్రపంచంలో ఒక్కటే. అది నువ్వు.

… కంగారెందుకు? దారమే కదా.

ఇంతకీ ‘అడవి వార్తలు’ తెలుసా నీకు? … పేపరు కాదయ్యా. ఫోన్లోది. మీ బడి పిల్లల గ్రూపులో ఎవడో పేరు చెప్పకుండా, ‘అడవి వార్తలు’ అని ఒక బొమ్మ తగిలించుకుని… … వినలేదా? మూడొందల మంది ఉన్న గ్రూపులో నీకొక్కడికే తెలీదా? అయ్యో పాపం.

… నువ్వని నేనన్నానా? నేనింకా ఏమీ అనలేదే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. … ఏం లేదు, ఒక సామెత. తీరిగ్గా ఎవరినైనా అడుగు.

సరే, తెలీదంటున్నావు కదా, నేనే చెప్తా. పదకొండు సెకన్ల వీడియో. స్టేజీ మీద ఏనుగు. అడవికంతటికీ తీర్పు చెప్తోంది. ‘ఈ అడవిలో…’ అందో లేదో, తొండం ఊడి టప్పున కింద పడుతుంది. ఏనుగు కిందికి చూస్తుంది. మూతి వణుకుతుంది. బుగ్గల మీద నీళ్ళు. అంతే, మళ్ళీ మొదటికొస్తుంది. ఊడుతుంది, పడుతుంది, ఏడుస్తుంది. ఊడుతుంది, పడుతుంది, ఏడుస్తుంది. వెనకాల ఒకడు బూర వాయిస్తుంటాడు. కింద రాశారు, ‘తొండం లేని ఏనుగుని ఏమంటారు?’ అని. రెండొందల పైన జవాబులొచ్చాయి. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చదివా. పంది అన్నవాళ్ళే తొంభై మంది. మనుషులకి తెలివి తక్కువ కాదు కదా, వేరే మాటే దొరకలేదేమిటో.

ఆ ఏనుగు మా మేనకోడలు.

… ఆ. మా అన్నయ్య కూతురు. … తెలీదా? పోన్లే, ఇప్పుడు తెలిసింది.

… అదేంటి, నువ్వెందుకు సారీ చెప్తావు? నువ్వు ఆ వీడియో చూడను కూడా లేదు కదా!

… … ఉన్నావా లైన్లో? … పెట్టెయ్యకు.

ఇప్పుడు విను. ఆ తీసినవాడు స్టేజీ పక్కనుంచి తీశాడు. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో తెర పక్కకి లాగి పట్టుకున్నాడు. నాలుగో సెకన్లో తెర జారింది, మళ్ళీ లాక్కున్నాడు. అప్పుడొక చెయ్యి కనిపించింది. రెప్పపాటు. మూడొందల మందీ ఏనుగునే చూశారు. మేము టైలర్లం బాబూ, మొహాలు తర్వాత చూస్తాం, ముందు కుట్లు చూస్తాం.

… అమ్మ పిలుస్తున్నారా? ఒకసారి ఇవ్వు మరి, ఆవిడ కోటు జిప్పు సంగతి… … ఇవ్వవా? … సరే సరే, అంత బతిమాలకు. ఎక్కడికైనా వెళ్ళి తలుపేసుకో. … బాత్రూములోకా? అందుకే గొంతు అలా మోగుతోంది. కుళాయి తిప్పకు, నాకు వినపడదు.

… ఏంటీ? స్టేజీ మీద లైట్లు బాగా పడుతున్నాయో లేదో చూద్దామని తీశావా! తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట నీలాంటివాడే.

… ఆ, అలా చెప్పు. సరదాకి. సరదాకా!

అయితే నేనూ ఒక సరదా సంగతి చెప్పనా? వేషం వేసి చూసుకోమని నిన్ను అద్దం ముందు నిలబెట్టి, నేను గుండీలు తేవడానికి లోపలికెళ్ళా, గుర్తుందా? నువ్వు ఒక్కడివే ఉన్నాననుకున్నావు. తోక చేత్తో పట్టుకుని గిరగిరా తిప్పుతూ, అద్దంలో నీకు నువ్వే కన్ను కొట్టుకుంటూ… … ఆ, ఆ డాన్సే. నడుము భలే తిప్పావు. కుట్టిన బట్టలన్నీ ఫోన్లో తీసి పెట్టుకోవడం నాకలవాటు కదా, ఫోను అక్కడే స్టాండు మీదుంది. … అర నిమిషం వచ్చింది. బూరవాడు కూడా అక్కర్లేదు, పాట నువ్వే పాడుకున్నావు.

… ఎవరికీ పంపలేదు. ఇంకా. మూడొందల మంది ఉన్నారు కదా, ఎవరితో మొదలుపెట్టాలా అని…

… … ఏయ్. … ఏడుస్తున్నావా? … ఒరేయ్. … ఒరేయ్ నాన్నా, ఆగు, ఆగు. లేదు. వీడియో లేదు. … లేదంటే లేదురా! అప్పుడు నా ఫోను లోపల ఛార్జింగులో ఉంది. తలుపు సందులోంచి నా కళ్ళతో చూశా, అంతే. … ఒట్టు. … నమ్ము. … ఛ. ఉడికిద్దామనుకున్నా గానీ ఇంత దూరం… తప్పు నాది. పెద్దదాన్నై ఉండి చెయ్యాల్సిన పని కాదు. ముక్కు తుడుచుకో. … చేత్తో కాదు, అక్కడ తువ్వాలుంటుంది చూడు.

తుడుచుకున్నావా? … లేని వీడియోకే నీ గుండె ఆగినంత పనైంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఆ ఎలుక సోమవారం నుంచి నా షాపులోనే ఉంది. … అవును, ఇక్కడే. వాళ్ళమ్మా నాన్నా పనికెళ్తే ఇంట్లో ఒక్కర్తినీ వదల్లేక, పొద్దున్నే నా దగ్గర దింపి పోతున్నారు. బట్టలు వేసి చూసుకునే గది ఉంది కదా, మూడు పక్కలా అద్దాలు, ముందు తెర. అందులో స్టూలేసుకుని కూర్చుంది. అద్దాలన్నిటి మీదా నా పాత గుడ్డలు కప్పేసింది. అన్నం తెర కిందనుంచి తోస్తున్నా. సగం తిరిగొస్తోంది. ఫోను ఆపేసి నా కత్తెర్ల సొరుగులో పడేసింది.

… వినపడుతోందా అంటావా? నా మాటలు వినపడుతున్నాయి. నీవి కాదు. నిన్ను ఊహించుకుంటోంది.

ఇవాళే నీకు ఫోను ఎందుకు చేశానంటే… రేపు మా అన్నయ్య బడికి వెళ్తున్నాడు. … పోట్లాటకి కాదు. అదైతే నయమే. కాగితాలు తెచ్చుకోవడానికి. వేరే బడిలో వేసేస్తాడట, ఊరికి ఆ చివర, రెండు బస్సులు మారాలి. ఏడేళ్ళు చదివిన బడి నాన్నా అది. అక్కడ దానికి బెంచీ ఉంది, స్నేహితులున్నారు, గొడవపడే టీచరుంది. అన్నీ వదిలేసి పోతోంది. నాకసలు సహించట్లేదు. అన్నయ్యతో చెప్తే, ‘మరి నువ్వు పంపించగలవా రేపు?’ అన్నాడు.

… ఒక్క నిమిషం, ఎవరో వచ్చారు. … మూసేశామండీ! … సగం షట్టరంటే మూసినట్టేనండీ! … రేపు రండి, రేపు! … ఆ, చెప్పు. వెళ్ళిపోయారు.

… నీవల్లే అంతా అంటావా? నీ ఒక్కడివల్లే కాదు. అసలు దొంగని మనమింకా పట్టుకోలేదు. తొండం ఎందుకూడిందో తెలుసా? … బరువుకి కాదు. కచ్చా కుట్టు. అంటే ముందు చేత్తో పొడుగు పొడుగు కుట్లు వేసి నిలబెడతాం. ఆ తర్వాత దాని మీద మిషను కుట్టు వెయ్యాలి. లేకపోతే గట్టిగా తుమ్మినా ఊడుతుంది. నేను మిషను కుట్టు వెయ్యలేదు. మర్చిపోయా. ఇరవై రెండేళ్ళ నుంచి కుడుతున్నా, ఒక్క గుండీ ఊడిందని ఎవరూ తిరిగి రాలేదు. పోయి పోయి సొంత మేనకోడలి తొండం దగ్గర మర్చిపోయా.

ఎందుకు మర్చిపోయానంటే, ఆ రోజు పొద్దున ఒకడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ‘ఆంటీ ఆంటీ, తోక నేలకి తగలాలి, రెండంగుళాలు పొడుగు చెయ్యండి’ అని నా నెత్తి మీద నిలబడ్డాడు. … ఆ, నువ్వే. నీ తోక దగ్గర కూర్చుని దాని తొండం మర్చిపోయా. … నిన్ననట్లేదు. అడిగినవాడికేం, పని చేసేదాన్ని నేను కదా. నవ్వాలంటే నన్ను చూసి నవ్వాలి మూడొందల మందీ.

… లేదు, దానికి చెప్పలేదు. నాలుగు రోజుల నుంచి నోటిదాకా వస్తోంది, మింగేస్తున్నా. ‘ఎందుకూడిందత్తా’ అని అది ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే బావుండును. … ఆ, ఇప్పుడు వినే ఉంటుంది. విననీ. నీతో చెప్తున్నట్టు దానితోనే చెప్తున్నాననుకో.

నువ్వొకటి చెప్పు. నిజం చెప్పాలి. నిరుడు గొంతు మారినప్పటి నుంచి నిన్నేదో పేరు పెట్టి పిలుస్తున్నారట కదా? … ‘కీచు తలుపు’. … ఎన్నాళ్ళు? … ఏడాదంతా! … అటెండెన్సు పిలిచేటప్పుడు కూడానా? … ఊఁ. … మొన్న శనివారం, ఆ వీడియో వచ్చినప్పటి నుంచి? … ఒక్కరు కూడా అనలేదా. … హాయిగా ఉందా మరి? … ఉందా. … ఊఁ. మెచ్చుకున్నా. అబద్ధం చెప్తావనుకున్నా.

అదన్నమాట. నిన్ను కుడుతున్న కందిరీగల్ని తీసి దాని మీదకి తోలావు. తోలి, నువ్వు పక్కన నిలబడి ఊపిరి పీల్చుకున్నావు. … ఏడవకు. నాకర్థమైంది. అర్థమైంది కాబట్టి ఒప్పుకున్నానని కాదు, రెండూ వేరు.

… ఇప్పుడే తీసేస్తావా? తియ్యి. కానీ పెదవి దాటితే పృథివి దాటుతుంది. మా దారం కొట్టాయన ఫోన్లోకి కూడా వచ్చింది. ‘మీకోటి చూపిస్తా నవ్వుకుంటారు’ అని నాకే చూపించాడు. … ఏం చేస్తాను? ఇప్పుడు రెండు సందులవతలకి వెళ్ళి కొంటున్నా దారం.

నాకు కావాల్సింది అది కాదు. పన్నెండో సెకను. … తెలీనట్టు అడక్కు. నువ్వు కత్తిరించేసిన ముక్క. కోసిన అంచు చూస్తే మాకు తెలీదూ, గుడ్డ ఇంకా ఉందని?

నేనారోజు హాల్లో లేను. ఒకావిడ కోటు సాయంత్రానికివ్వాలి, దాని మీద కూర్చున్నా. నిన్న మీ బడి వాచ్‌మన్ గుండీ కుట్టించుకోడానికి వచ్చాడు. ‘మీ ఏనుగు భలే పిల్లండీ’ అన్నాడు. ఈయన కూడా ఏడిపిస్తున్నాడేమోనని సూది పట్టుకునే నిలబడ్డా. కాదట. తర్వాత ఏం జరిగిందో చెప్పాడు. నీకూ తెలుసు. నువ్వు తెర పక్కనే ఉన్నావు. చెప్పు. నీ నోటితో వినాలి నేను.

… ఊఁ. … వంగి తొండం తీసింది. … కళ్ళు తుడుచుకుని… … చంకలో పెట్టుకుందా! గొడుగు పెట్టుకున్నట్టు. … ఏమంది? … గట్టిగా చెప్పు. … ‘న్యాయం చెప్పడానికి నోరుంటే చాలు, తొండం అక్కర్లేదు’! … నాటకంలో ఆ మాట ఉందా? … లేదా! అప్పటికప్పుడు అనేసిందా! … మిగతా తీర్పంతా చెప్పింది. … ఒక్క ముక్క తప్పలేదు. … అందరూ లేచి నిలబడి… … హెడ్‌మాస్టరు కూడానా? ఆయన లేవడానికే అయిదు నిమిషాలు పడుతుంది కదా!

మరి దానికి గుర్తు లేదేం? … ఏమీ గుర్తు లేదు బాబూ. నిన్న అడిగా, ‘చప్పట్లు కొట్టారటగా’ అని. ‘నవ్వారు’ అంది. అదొక్క మాటే. స్టేజీ మీద నిలబడ్డ పిల్లకే నీ పదకొండు సెకన్లు తప్ప ఇంకేమీ మిగల్లేదు. లేచి చప్పట్లు కొట్టినవాళ్ళే ఇంటికెళ్ళి పంది అని రాశారు. వాళ్ళకీ మిగల్లేదు.

ఉందా నీ దగ్గర? చెరిపేశావా? … ఉందా! నా తండ్రే! ఎందుకుంచావు మరి? … ఊఁ. … విన్నావుటే, ‘బావుంది, చెరపబుద్ధి కాలేదు’ అంటున్నాడు! … నీతో కాదు, తెరతో అంటున్నా. … లేదు, పలకలేదు. పలక్కపోతే పోయింది, పంపు.

… టింగుమంది. ఆగు. నువ్వు లైన్లో ఉండగానే చూడొచ్చా? … ఏది నొక్కాలి? … పైన బాణమా? … కట్టయిపోతావేమో. … సరే, నొక్కుతున్నా. … ఉన్నావా? … ఉన్నావు.

… ‘ఈ అడవిలో’… ఇదిగో, పడింది. … ఏడుస్తోంది. … నా వెధవ కుట్టు. … పదకొండు. … పన్నెండు. … వంగింది. … తీసింది. … చంకలో… అబ్బా! ఆ నిలబడ్డం చూడు! మా అమ్మ ఇలాగే నిలబడేది, ఎవరితోనైనా దెబ్బలాటకి దిగే ముందు. … … వినపడుతోందా నీకు? చప్పట్లు. … ఉండు, సౌండు పెంచుతున్నా. … ఇంకా కొడుతున్నారే! … … ఏం లేదు, జలుబు. … నాకూ జలుబు చెయ్యకూడదా?

… ష్. … మాట్లాడకు. … తెర కదిలింది.

… … చెయ్యి బయటికొచ్చింది. … ఫోనడుగుతోంది. … ఇదిగో తల్లీ, తీసుకో. … … బాబూ, ఉన్నావా? ఫోను దాని చేతిలో ఉంది, నేను పక్కనుంచి అరుస్తున్నా, వినపడుతోందా? … చూస్తోంది. … … ఇంకా చూస్తోంది. … ఏంటమ్మా? … మళ్ళీ మొదటి నుంచా? నీ ఇష్టం, వందసార్లు చూసుకో.

… ఇటిచ్చింది. ఆ, చెప్పు. … గ్రూపులో పెడతావా? ఎవరి పేరుతో? … నీ పేరుతోనా! … తీసింది నువ్వేనని కూడా రాస్తావా. … ఆలోచించుకున్నావా? కందిరీగలు వెనక్కొస్తాయి. నేను రాయమన్లేదు, అది గుర్తుంచుకో. … తెలిసే అంటున్నావా. … … పెట్టేశావా! అప్పుడే!

… ఏమంటున్నారు? … మొదలెట్టారా. … ఎంతమంది? … నలుగురు. పాత పేరేనా? … ఊఁ. … మిగతావాళ్ళు? … చూస్తున్నారు గానీ ఏమీ రాయట్లేదా. … భయమేస్తోందా? … వేస్తుంది మరి. నేనున్నా లైన్లో. ఉండు.

… ఉండుండు. సొరుగు తీస్తోంది. … దాని ఫోను తీసింది. … ఆన్ చేసింది. నాలుగు రోజుల తర్వాత! … ఏదో రాస్తోంది. … ఏం రాస్తున్నావే? … చెప్పదట. … నీకొచ్చిందా? చదువు చదువు, నా కళ్ళజోడు ఎక్కడో పెట్టా. … ‘రేపు బడికి వస్తున్నా’. … అంతేనా? … అంతేనట.

… కాగితాలు వద్దని మీ నాన్నకి నువ్వే చెప్పుకోవాలమ్మా, నేను చెప్పను! … ఆ? … నా సంగతి ఇంటికెళ్ళాక చూస్తావా? చూడు తల్లీ, చూడు. కచ్చా కుట్టు వేసినదాన్ని, ఎన్ని తిట్లైనా పడతా.

… ఏంటి బాబూ? … క్షమించిందా అంటావా? … అడుగుతున్నాడే. … … ‘క్షమించానని మాత్రం చెప్పకు’ అంటోంది. … అవును, ఆ మాటే అంది. నేను కలిపి చెప్పడానికి లేదు, నెత్తి మీద నిలబడింది.

… ఆగు, ఇంకా అంటోంది. … ‘రేపు పొద్దున గేటు బయట నిలబడమను. నేనొచ్చాక, నా పక్కన నడిచి లోపలికి రమ్మను. అందరూ చూస్తుండగా. క్లాసు దాకా.’ … అదీ మాట. వస్తావా?

… తొందరేం లేదు. … …

… గట్టిగా చెప్పు నాన్నా, నాకు కాదు, తనకి వినపడాలి. … వస్తాడట! … ‘ఎనిమిదిన్నరకి. ఆలస్యమైతే ఆగను’ అంటోంది. … ఏయ్, ఫోను లాక్కుంటావేమే, నేనింకా మాట్లా—